దీపం దగ్గరికి పిలవని అధ్యక్షురాలు

ముందుగా నా చేతిరాతకు, రాతలో తప్పులకు క్షమించండి. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. ఫోన్‌లో తెలుగు కొట్టడం రాదు కాబట్టి కాగితం మీద రాసి మన తెలుగు సంఘం పత్రికకు పంపుతున్నాను. ప్రొఫెసర్ ఆంటీ పోయారన్న సంగతి మీకు వాట్సాప్ గ్రూపులో తెలిసి ఉంటుంది. మాకు ఆవిడ కూతురు హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. అంతా ఇంగ్లీషులోనే చెప్పి, చివర్లో "అమ్మ" అని ఒక్క తెలుగు మాట అని ఆగిపోయింది. నాకు ఆ ఒక్క మాట చాలింది.

కెనడాకు వచ్చినప్పటి నుంచి రెజైనాలో మేము ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. ఆవిడ యూనివర్సిటీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లండును ఏలిన రాణుల గురించి, ఏలనివ్వని రాణుల గురించి చెప్పడమే ఆవిడ ఉద్యోగం. డాక్టరుగా చేసిన అంకుల్ మేము రాకముందే పోయారు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. పైన ఆంటీ వంటింట్లో నేల మీద ఒక హీటర్ జాలీ ఉంది. అక్కడ మాట్లాడితే గొట్టంలోంచి కింద మా గదిలో వినిపిస్తుంది. ఆవిడ గరిటెతో ఆ జాలీ మీద కొట్టి పిలిచేవారు.

"ఏమ్మాయ్, పైకి రా! పోపు పెడుతున్నాను. ఎవరూ లేకపోతే నాకు బుద్ధి ఎటో పోతుంది, అది మాడుతుంది."

నేను వెళ్ళినా మాడేది. వెళితే ఇంకా ఎక్కువ మాడేది, ఎందుకంటే రాణుల కథ మొదలయ్యేది. తిరగబడిన కొడుకుల వైపు నిలిచిందని మొగుడు ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉంచిన ఎలియనోర్, ముసలితనంలో బయటికొచ్చి కొడుకు తరఫున రాజ్యం చూసుకుందట. జేన్ అనే చిన్నపిల్లను అత్తమామలు సింహాసనం మీద కూర్చోబెడితే, పట్టుమని పది రోజులు కూడా ఉండనివ్వలేదట. తర్వాత తల తీశారట. వాళ్ళందరి గురించి వీధి చివర ఇంట్లో ఉండే చుట్టాల గురించి చెప్పినట్టే చెప్పేవారు. "పాపం ఆ పిల్ల" అనేవారు.

నాకు ఏం మాట్లాడాలో తెలియదని ఒకసారి చెప్పాను. "తర్వాత ఏమైంది అని అడుగు చాలు. చరిత్రకు ఆ ప్రశ్న ఒక్కటే కావాలి" అన్నారు. అలా నాకు మాటలొచ్చాయి.

ఆవిడకు అందరికంటే ఇష్టమైన రాణి మటిల్డా. వాళ్ళ నాన్న రాజు. కొడుకు పడవ మునిగి చనిపోతే, నా తర్వాత నా కూతురే అని పెద్దమనుషులందరి చేతా ప్రమాణం చేయించాడు. ఆయన కన్నుమూయగానే మేనత్త కొడుకు పరుగున వచ్చి కిరీటం పెట్టుకున్నాడు. ప్రమాణం చేసినవాళ్ళలో చాలామంది వెళ్ళి అతనికే దండం పెట్టారు. ఆవిడ ఏళ్ళ తరబడి యుద్ధం చేసింది, ఒకసారి గెలిచింది కూడా. అయినా కిరీటం ఇవ్వలేదు. పొగరు అన్నారట.

"మగాడు గట్టిగా మాట్లాడితే రాజసం. ఆవిడ మాట్లాడితే పొగరు. ఆ సమాధి మీద ఏం రాశారో తెలుసా అమ్మాయ్? హెన్రీ కూతురు, హెన్రీ భార్య, హెన్రీ తల్లి అని. తండ్రి, మొదటి మొగుడు, కొడుకు, అందరూ హెన్రీలే. వాళ్ళ మధ్య ఆవిడకు చోటెక్కడ?"

అప్పుడు నేను నవ్వాను. మొన్న సంతాపసభ పోస్టర్ చూశాక నవ్వు రాలేదు. "ప్రముఖ వైద్యుల సతీమణి, ఆదర్శమాత, వంటలో అన్నపూర్ణ" అని వేశారు. ఆవిడ వంటలో అన్నపూర్ణ అని రాసినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కసారైనా పప్పు తిన్నారా?

ఇక అసలు సంగతి రాస్తాను. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళకు ఇది తెలియదు. పాతవాళ్ళు తెలియనట్టు కూర్చున్నారు.

ఆంటీని ఉపాధ్యక్షురాలిగా అందరూ చేతులెత్తి ఎన్నుకున్నారు. అధ్యక్షుడు మధ్యలో వెళ్ళిపోతే ఆవిడే అధ్యక్షురాలు అని కూడా అప్పుడే ఒప్పుకున్నారు. కమిటీ మెంబరుగా మా ఆయన కూడా చెయ్యెత్తారు. తర్వాత అధ్యక్షుడికి హామిల్టన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. హాలు మాట్లాడటం, పిల్లల నాటకం, భోజనాలు, అన్నీ ఆంటీ నెత్తిన వేసుకున్నారు. ఉగాదికి వారం ఉందనగా కమిటీ పెద్దలు నలుగురు ఇంటికి వచ్చారు. టీ ఇచ్చింది నేనే. అందుకే అక్కడ ఏం మాట్లాడారో నాకు తెలుసు.

"మేడమ్, మీరే ప్రెసిడెంట్, అందులో డౌట్ లేదు. ఆ లాంప్ లైటింగ్ ఒక్కటి మాత్రం..." అన్నారు ఒకాయన.

"మాత్రం?"

"పండగ పూట కదండీ. కొంతమంది లేడీస్ ఫీలవుతున్నారు. కపుల్ అయితే బాగుంటుందని."

ఆంటీ కప్పు కింద పెట్టారు. "అది బ్యాటరీ దీపం కదయ్యా. స్కూలు హాల్లో నిప్పు వెలిగిస్తే అలారం మోగుతుందని మనమే కొన్నాం."

"అదంతా సెంటిమెంట్, మేడమ్."

"మా ఆయన పోతే బ్యాటరీ కూడా పనిచేయదా?"

నలుగురూ టీ బాగుందమ్మా అని నాతో చెప్పి లేచారు.

ఉగాది రోజు స్టేజీ మీద, ఆంటీ ఆరోగ్యం దృష్ట్యా ఫలానా వారు అధ్యక్ష బాధ్యతలు తీసుకున్నారని ప్రకటించారు. ఆరోగ్యమా! ఆ పొద్దున మా కారు మీద మంచు కూడా ఆవిడే గీకారు. పట్టుచీర కట్టుకున్న భార్యతో ఆయన వచ్చి, ఇద్దరూ కలిసి స్విచ్ నొక్కారు. ఒక స్విచ్ నొక్కడానికి పసుపుకుంకాలు కావాలని ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. నేను చదువుకున్నదాన్ని కాదు. అక్కడున్నవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే.

ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను.

"మీరు కూడా చెయ్యెత్తారు కదా?"

"ఎత్తాను. అందరూ ఎత్తారు."

"దించింది కూడా అందరూ కలిసేనా?"

"నీకెందుకే ఇవన్నీ! మనం చిన్నవాళ్ళం" అన్నారు. ఆయన మంచివారు. మంచివాళ్ళు ఊరుకోబట్టే ఆ పని జరిగింది.

ఆంటీ సంఘం వదిలి వెళ్ళలేదు. ఆ ఏడాది పనంతా ఆవిడే చేశారు, సంతకాలు ఆయన పెట్టారు. సంఘం గదిలో గోడ మీద పాత అధ్యక్షుల ఫోటోలు వరసగా ఉన్నాయి. ఆ ఏడాది దగ్గర ఆయన ఫోటో ఉంది. "ఊరుకున్నారేం ఆంటీ?" అని అడిగితే, "నేను ఊరుకోలేదమ్మా, పని చేశాను. రాసేవాళ్ళు ఎవరో ఒకరు తర్వాత వస్తారు" అన్నారు.

మొన్న సంతాపసభలో ఆవిడ ఫోటో ముందు ఆ బ్యాటరీ దీపమే పెట్టారు. బతికుండగా దగ్గరికి రానివ్వని దీపాన్ని పోయాక ముందు పెట్టి, రెండు నిమిషాలు తలలు వంచుకున్నారు. నేను లేచి అడగాలనుకున్నాను. అంతమందిలో లేవలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. ఆ గోడ మీద ఆవిడ ఫోటో పెట్టండి, కింద అధ్యక్షురాలు అని రాయండి. ఎవరి భార్యో, ఎవరి తల్లో అక్కర్లేదు. పెద్దవాళ్ళ పేరు పెట్టి పిలవడం మా ఇంట్లో అలవాటు లేదు కాబట్టి నేను ఇక్కడ ఆవిడ పేరు రాయలేదు. ఆ పేరు రాయాల్సింది మీరు.

ఇది రాస్తున్నానని మా ఆయనకు చెప్పాను. రెండు రోజులుగా సరిగా మాట్లాడటం లేదు. పంపవద్దని మాత్రం అనలేదు. తప్పులు దిద్దితే దిద్దండి కానీ సంగతి మార్చకండి. బ్యాటరీ దీపం మాట తీసేసి, నాలుగు మంచి మాటలు కలిపి వేయాలనిపిస్తే వేయకండి. ఈ కాగితాలు కాల్చేయండి. నాకు అదే నయం.

పోయిన చలికాలం ఆంటీతో కోటు కొనడానికి వెళ్ళాను. షాపులో అమ్మాయి తెల్లది తీసి చూపించింది. ఆంటీకి మళ్ళీ మటిల్డా గుర్తొచ్చింది. శత్రువులు కోట చుట్టుముడితే, ఎవరికీ కనపడకుండా తెల్లబట్ట కప్పుకుని, గడ్డకట్టిన ఏటి మీద నడిచి తప్పించుకుందట. "అది తప్పించుకోవడానికి వేసుకునే రంగు. నేనెవరి నుంచి తప్పించుకోవాలి? ఆ ఎర్రది తియ్యమ్మా" అన్నారు. మర్నాడు అది వేసుకుని, స్కూలు మైదానం మీదుగా బస్‌స్టాపుకు బయల్దేరారు. మా ఊరు పీటలా చదునుగా ఉంటుంది, చూపుకు అడ్డం ఏదీ ఉండదు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అంత మంచులో ఎంత దూరం వెళ్ళినా ఆవిడ కనిపిస్తూనే ఉన్నారు.