ఎల్లి నోవు, అవ్వా?

మొన్న నా బిడ్డకు టీకా వేయిస్తుంటే, స్పిరిట్ దూది వాసనకు నా చిన్నప్పటి గుమ్మఘట్ట ఆసుపత్రి వరండా మసకమసకగా కళ్లముందు కదిలింది.

గొర్రెలు మేపే మా అవ్వది కన్నడ సీమ. కడుపులో నొప్పిని డాక్టర్లకు తెలుగులో చెప్పుకోలేక చాన్నాళ్లు దాచుకుంది. చివరికి నాయన బలవంతాన తీసుకొచ్చాడు. గొర్రెల వాసనకు బల్ల మీదివాళ్లు ముఖం తిప్పుకుంటే, అవ్వ నన్ను ఒళ్లో పెట్టుకుని నేల మీద ఓ మూలకు ఒదిగింది.

డాక్టరమ్మ బయటికొచ్చి మా పక్కనే నేల మీద కూర్చుంది. అవ్వ చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఎల్లి నోవు, అవ్వా?"

ఎక్కడ నొప్పి, అని. అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుని అంతా చెప్పుకుంది. ఆ కన్నడ మాటలు జోలపాటలా వింటూ, ఈమె అవ్వ పుట్టింటి చుట్టమే అనుకున్నాను.

దారిలో అదే చెబితే నాయన నవ్వాడు.

"చుట్టమేంది పాపా! ఆయమ్మది యాడో సముద్రం పక్కనుండే ఊరంట. ఈడికొచ్చినాకే కన్నడం నేర్చుకునిందంట."

మందులతో అవ్వ నొప్పి తగ్గింది. మళ్లీ చూపించుకోవడానికి తనే బయల్దేరింది, తోడుగా ఇంకో ముసలమ్మను పిలుచుకుని.

ఇప్పుడనిపిస్తుంది, ఆ రెండు మాటలు పట్టుబడేదాకా డాక్టరమ్మ ఎంతమంది అవ్వల పక్కన అలా నేల మీద కూర్చుందో.