మంచం పట్టినవాళ్ల కోసం మా అత్త రాసిన బ్లాగు

మా మేనత్త మొన్న బుధవారం పొద్దున విజయవాడలో, తన ఇంట్లోనే, ప్రభువునందు నిద్రించింది. బంధువులందరికీ ఫోన్లు చేశాక, ఇంకా చెప్పాల్సినవాళ్లు చాలామంది మిగిలారని గుర్తొచ్చింది. వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఆమె బ్లాగు చదివే మీరే వాళ్లు. అందుకే ఆమె రాసే చోటే ఇది రాస్తున్నాను.

ముప్పయ్యేళ్లకు పైగా ఆమె ఆస్పత్రిలో నర్సు. రిటైరయ్యాక వీధిలో ఎవరు మంచం పట్టినా పిలుపు ఈమెకే. పక్షవాతం వచ్చినవాళ్లని పక్కకి తిప్పడం, మనిషిని లేపకుండానే దుప్పటి మార్చడం, వీపు మీద పుళ్లు పడకుండా చూడడం, అన్నీ ఇంట్లోవాళ్ల చేతే చేయించి వచ్చేది. "నేను చేసిపోతే ఇవాళ్టికి సరిపోద్ది. మీకొస్తే రోజూ సరిపోద్ది" అనేది.

నాకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు. షాపుకి వెబ్‌సైటు నేనే చేసుకున్నాను. ఆ కాస్త తెలివితో, "ఇవన్నీ రాయి అత్తా, బ్లాగు పెడతాను" అన్నాను.

"నా రాత ఎవడు చదువుతాడ్రా? వార్డులో డాక్టర్లకే అర్థమయ్యేది కాదు" అంది.

అన్నది గానీ రాసింది. ఫోన్లో చూపుడు వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. పోస్టు పెట్టేముందు పక్కింటావిడకి చదివి వినిపించేది. ఆవిడ ఎక్కడ "అంటే ఏంటండీ?" అంటే అక్కడ మాట మార్చేది. చదివేవాళ్లు పెరిగాక యాడ్లు పెట్టించింది నేనే. "నా రాత పక్కన సబ్బుల బొమ్మలా!" అని నవ్వింది. మొదటిసారి డబ్బు పడ్డప్పుడు దానికి తన పింఛను కొంత కలిపి, వీపు పుళ్లు పడకుండా మంచం పట్టినవాళ్లకి వేసే గాలి పరుపు ఒకటి కొంది. అది ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది. ఇప్పుడు ఎవరింట్లో ఉందో నాకు తెలియదు.

పోయినేడాది ఒక మధ్యాహ్నం షాపుకి ఫోన్ చేసింది. గొంతు వేరేగా ఉంది. చల్లపల్లి నుంచి ఒకావిడ తనతో మాట్లాడిందట. ఆవిడ భర్తకి షుగర్. బ్లాగులో షుగర్ తగ్గిస్తుందని ఏదో పొడి యాడ్ చూసి తెప్పించుకుని, ఇన్సులిన్ మానేసి వారం రోజులుగా అదే తాగుతున్నాడు. ఇప్పుడు వాంతులు, మగత. "మీ పేజీలోనే ఉంది కదమ్మా, మంచిదే అనుకున్నాం" అందట ఆవిడ.

"వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పాను. నువ్వు కారు తియ్యి, మనం వెళ్లాలి" అంది అత్త.

దారి పొడుగునా వాదించాను. "ఆ యాడ్లు మనం పెట్టేవి కాదత్తా. ఎవరు చూస్తే వాళ్లని బట్టి అవే మారిపోతుంటాయి. మనకేం సంబంధం?"

 ఉయ్యూరు దాటాక అత్త అంది: "నా డ్యూటీలో ఎవడో బయటివాడు వార్డులోకొచ్చి పేషెంటుకి మందు తాగించాడనుకో. వాడెవడో నాకు తెలియదని చెప్పేదాన్నా?"

 నిజానికి, మందుల యాడ్లు రాకుండా ఆపే వీలు సెట్టింగ్స్‌లో ఉందని నాకు ముందే తెలుసు. ఆపితే రాబడి తగ్గుతుందని వదిలేశాను. ఆ సంగతి కార్లోనే చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "ఆపెయ్యి" అంది, అంతే. చెరుకు తోట పక్కన కారు నిలిపి, ఫోన్ తీసి ఆపేశాను. 

దేవుడి దయవల్ల ఆయన బతికాడు. మూడో రోజుకి లేచి కూర్చున్నాడు. మేం వెళ్లిన రోజు ఆస్పత్రి వరండాలో అత్త ఆవిడ చేతులు పట్టుకుని, "తప్పు నాదమ్మా" అంది. "అంత మాటెందుకండీ, ఇంత దూరం వచ్చారు" అని ఆవిడ ఏడ్చేసింది.

ఆ వారమే జరిగినదంతా బ్లాగులో రాసింది. వద్దన్నాను, జనానికి నమ్మకం పోతుందని. "పోతే పోనీ. ఇన్సులిన్ మానేసినవాడు ఇంకొకడుంటేనో?" అంది. ఆ పోస్టు కింద ఇద్దరు, తామూ అదే పొడి వాడుతున్నామని, మానేస్తున్నామని రాశారు. నా పేరు మాత్రం అత్త అందులో ఎక్కడా రాయలేదు. రాబడి బాగా పడిపోయింది. దాని ఊసు ఆమె మళ్లీ ఎత్తలేదు.

చివరి రెండు నెలలు తనే మంచం మీద ఉంది. ఆమె కూతురు, మా వదిన, ఫోన్లో బ్లాగు చూసుకుంటూ పక్కకి తిప్పబోతే, "మోకాలు ముందు మడవమని రాశాను కదే! చదవకుండా చేస్తావేం?" అని కసిరింది. ముగ్గురం నవ్వాం. ఆమె వీపు మీద చివరిదాకా ఒక్క పుండు లేదు.

సమాధి చేసి వచ్చాక, ఈ కబురు రాద్దామని బ్లాగు తెరిచాను. బుధవారం పొద్దునే ఎవరో అడిగారు: "అమ్మా, మా నాన్నకి ముద్ద గొంతు దిగట్లేదు. ఏం చెయ్యమంటారు?"

ఏం రాయాలో తోచక స్క్రీను కిందికి జరిపాను. ఎవరో పాఠకురాలు అప్పటికే జవాబిచ్చింది: "నిటారుగా కూర్చోబెట్టండి. మెత్తగా జావలా చేసి, చిన్న చెంచాతో పెట్టండి. అయినా దిగకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి." దాని కింద ఇంకెవరో: "తొందరపెట్టకండి. గుటక పడిందో లేదో గొంతు చూస్తూ ఉండండి."

అదే రోజు సాయంత్రం, అడిగినాయన మళ్లీ రాశాడు: "నాలుగు చెంచాలు తిన్నారండీ."