కవరు మీద రాసిన ‘హోల్డ్’

తొంభైల్లో నేను ఉదయగిరి నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మధ్యాహ్నం నెల్లూరు బస్సు డ్రైవరు చేతిలో కవరు పెడితే, అది ఆత్మకూరు మీదుగా సాయంత్రానికి ఆఫీసు చేరేది. బస్సు పోయాక ఏం జరిగినా మర్నాటి పేపర్లో రాదు. అందుకని మాకొక అలవాటు ఉండేది. జరగబోయేదాన్ని జరిగినట్టే రాసి, కాగితం పై మూలన ఎర్ర ఇంకుతో ‘హోల్డ్’ అని పెట్టేవాళ్లం. మేం ఫోన్ చేసేదాకా డెస్కువాళ్లు దాన్ని ముట్టుకోరు. సభలకూ, ఎన్నికలకూ, చావులకూ అదే మాట.

నాకు అక్షరాలు దిద్దించిన మిషన్ స్కూలు అయ్యవారికి ఓ ఎండాకాలం జబ్బు చేసింది. సాయంత్రం దాకా ఉండరని డాక్టరు పెదవి విరిచాడు. నేను మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చి, ‘గురువారం సాయంత్రం నాలుగు గంటలకు తుదిశ్వాస విడిచారు’ అని రాసేశాను. గంట రాసేచోట ఖాళీ వదిలి ఉండొచ్చు. పోటీ పేపరు కంటే వార్త నిండుగా ఉండాలని నా పొగరు.

కవరు అంటించి బస్సు దగ్గరికి పోయాక హోల్డ్ పెట్టలేదని గుర్తొచ్చింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. కవరు మీదే రాసి ఇచ్చేశాను. నెల్లూరులో ఎవరో కవరు చించి బుట్టలో వేశారు, లోపలి కాగితం అచ్చుకు పంపారు.

తెల్లారి పేపర్లో ఆ వార్త చూసి నేను పరుగున వెళ్లేసరికి, దుత్తలూరు నుంచి వచ్చిన పాత విద్యార్థులు వాకిట్లో నిలబడి పూలదండలు వెనక దాచుకుంటున్నారు. జ్వరం దిగి, అయ్యవారు గంజి తాగుతున్నారు. ఒళ్లో పేపరు.

“బాగా రాసినావురా. తప్పుల్లేవు,” అన్నారు. “నాలుగంటికని నీకెట్ట తెలిసింది?”

కాళ్ల మీద పడ్డాను. సవరణ వేయించాను. ఆయన అది చదవలేదు.

ఆనాటి నుంచి రోజూ మూడున్నరకు స్నానం చేసి, తెల్లపంచె కట్టి, గోడ గడియారం ఎదురుగా కుర్చీలో కూర్చునేవారు. ఆయన భార్య అయ్యవారమ్మ గడప దగ్గర నిలబడేది. నాలుగు కొట్టాక “ఇయ్యాలకి కాదులే” అని టీ అడిగేవారు. ఆ కుర్చీలోంచి ఆయన్ను లేపాలని ఎన్నిసార్లో పోయాను. ఒకరోజు రహస్యంగా ముల్లు పది నిమిషాలు ముందుకు జరిపాను. ఆయన నావైపు తిరిగి, “అది గడియారం చూసి రాదురా,” అన్నారు. ఆ కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టింది నేనే.

రెండేళ్లకు, ఒక తెల్లవారుజామున, నిద్రలోనే పోయారు. ఏడుస్తూనే వార్త రాసి బస్సుకు అందించాను. మర్నాడు పేపర్లో లేదు. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

“ఆయన పోయినట్టు ఒకసారి వేసినాం, పోలేదని ఇంకోసారి వేసినాం,” అన్నాడు డెస్కులో మనిషి. “మళ్లా వేస్తే జనం నవ్వుతారు.”

ఆ మాట చెప్పడానికి అయ్యవారింటికి పోయాను. అయ్యవారమ్మ అంతా వినింది. తర్వాత ఆ కుర్చీని గడియారం ఎదుటికి జరిపి, కొంగుతో తుడిచింది.

“కూర్చో అబ్బయా,” అంది. “నాలుగు కావస్తా ఉండాది.”

కూర్చున్నాను.