సూర్యలంక దగ్గర కొలిచిన అలలు

సునామీ వచ్చి కొన్నేళ్లయింది. నేనూ మావారూ బాపట్లలో ఒకే కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాళ్లం. రోజూ తెనాలి నుంచి రైల్లో వెళ్లి వచ్చేవాళ్లం. జీపీఎస్ ఉపగ్రహాల సిగ్నళ్లతో అలల ఎత్తు కొలవాలని ఆయన ఒక పరిశోధన పెట్టుకున్నారు. ఒక సిగ్నల్ నేరుగా యాంటెన్నాకు వస్తుంది, ఇంకొకటి నీటి మీద పడి తిరిగి వస్తుంది. సముద్రం నెమ్మదిగా ఉంటే ఆ రెండూ కలిసి, కంప్యూటర్ తెర మీది గీత ఒక పద్ధతిగా లేచి దిగుతుంది. అలలు పెరిగేకొద్దీ ఆ పద్ధతి చెదురుతుంది. ఎంత చెదిరిందో చూసి ఎత్తు అంచనా కట్టాలి.

ఆ అంచనా సరైనదో కాదో తేలాలంటే నీళ్లలోకి వెళ్లి కొలిచి చూడాలి. అందుకని ఒక పడవాయన్ని మాట్లాడుకుని, గుర్తులు గీసిన సరుగుడు వాసం తీసుకుని మావారు బయలుదేరారు. కెరటాలు విరిగే చోటు దాటాక వాసాన్ని ఇసుకలో పాతి, పడవలోంచి చూసి రాసుకోవాలని ఆయన ఆలోచన. ఆయనకు ఈత రాదు. వద్దన్నాను. "ఒడ్డు కనిపిస్తూనే ఉంటుందిగా" అన్నారు.

యాంటెన్నాను సూర్యలంక ఒడ్డున తుఫాను షెల్టరు డాబా మీద కట్టాం. నేను కింద గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పడవాయన భార్య వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటోంది.

మధ్యాహ్నానికి గీత తడబడటం మొదలైంది. తీగ వదులైందేమోనని డాబా ఎక్కి చూశాను. అంతా బిగువుగానే ఉంది. దక్షిణాన ఆకాశం నల్లబడింది. పడవ ఇంకా కనిపిస్తోంది, చిన్నగా. కిందికి వచ్చేసరికి గీతలో పద్ధతన్నదే లేదు. అంతా పిచ్చిగీతలు. ఫోన్ చేస్తే అందుబాటులో లేదంది. మళ్లీ బయటికి వచ్చేసరికి సముద్రం మీద వాన దిగింది, పడవ లేదు.

నా ముఖం చూసి ఆవిడ వల వదిలేసి లేచింది.

"ఏంటమ్మా? మీ మిషన్ ఏం చెబుతోంది?"

"అలలు పెరిగాయి అక్కా."

"ఎంత?"

లెక్క చూశాను. మళ్లీ మొదటి నుంచీ చూశాను.

"చెప్పండమ్మా, పర్లేదు."

"మనిషి కంటే ఎత్తు."

ఆవిడ ఏడవలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకు పరిగెత్తింది. నేనూ వెనకే వెళ్లాను. అక్కడున్నవాళ్లను పడవ తియ్యమని ఇద్దరం బతిమాలాం. "ఈ కెరటానికి తోస్తే తిరగబడుద్దమ్మా, కాస్త నెమ్మదించనీండి" అన్నాడొక పెద్దాయన. ఆయన మాటలో తప్పు పట్టడానికేం లేదు. అదే నన్ను ఇంకా భయపెట్టింది. ఆవిడ గంగమ్మ తల్లిని పిలుస్తోంది. నేను ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ అందుకున్నాను. చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిందే, ప్రతిసారీ సగంలో తెగిపోతోంది.

వాన వెలిశాక చూస్తే సముద్రం మీద ఏమీ లేదు. పడవలు తీసి వెతికారు. వాసం కూడా దొరకలేదు.

సాయంత్రం నా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తడానికి చేతులు రాలేదు. ఆవిడే లాక్కుని నా చెవి దగ్గర పెట్టింది.

"నేనే" అన్నారాయన. "రేపల్లె ఆస్పత్రిలో ఉన్నాం. ఇంజన్ ఆగిపోయింది. గాలికి ఎటో కొట్టుకుపోతుంటే నిజాంపట్నం బోటు వాళ్లు చూసి లాగారు."

"పడవాయన?"

"పక్కనే ఉన్నాడు. బాగానే ఉన్నాడు."

ఆవిడ అప్పుడు ఏడ్చింది.

చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె చేరాం. దారి పొడుగునా ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు. ఆస్పత్రి వరండాలో మావారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పడవలోకి వచ్చిన నీళ్లు తోడి తోడి అరచేతులు తోలు లేచిపోయాయి. నన్ను చూడగానే, "గీత ఎలా వచ్చింది?" అని అడిగారు. చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టకుండా పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను, ఆయన పళ్లు ఇంకా టకటక కొట్టుకుంటున్నాయి.

"అడక్కపోతే ఏడ్చేస్తాను" అన్నారు మెల్లగా.

తెనాలి రైల్లో ఆయన కళ్లు మూసుకోలేదు. మూసుకుంటే బోగీ ఊగినప్పుడల్లా పడవలో ఉన్నట్టే అనిపిస్తోందట.