కోత పండుగకు అర్పించిన మునగాకు క్రీము

మట్టిలోంచి మొలిచే ప్రతి ఆకులోనూ ఏదో ఒక స్వస్థతను దాచిపెట్టిన దేవునికి స్తోత్రం. విచారం తప్ప మరేదీ నా నోట రాని ఈ దినాల్లో కూడా ముందు ఆయన్ను స్తుతించకుండా మాట మొదలుపెట్టడం నాకు చేతకాదు.

మొన్న సూర్యాపేటలో సరుకులకని వెళితే, బిల్లు కొట్టే అమ్మాయి చిన్న క్రీము డబ్బా నా చేతిలో పెట్టి, మునగాకు సారంతో చేసిందనీ, యాంటీఆక్సిడెంట్లు ఉన్నాయనీ, ఎండకు కమిలిన ముఖానికి మంచిదనీ చెప్పింది. మూత మీది మునగ రెమ్మ బొమ్మను చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, వెనక వరుసలో వాళ్లు విసుక్కుంటే గాని తెలియలేదు.

వయసులో ఉన్నప్పుడు నేను మిర్యాలగూడలో ఒక తవుడు నూనె మిల్లు ల్యాబులో పనిచేసేదాన్ని. గాలి తగిలి నూనె కంపు కొట్టకుండా ఆపే ఈ యాంటీఆక్సిడెంట్ గుణం ఆ తవుడులోనే కొంత ఉంటుందని అక్కడే నేర్చుకున్నాను. నడిగూడెంలో మా అక్కకు నాట్లకూ కలుపులకూ పోయిపోయి రెండు చెంపల మీదా నల్లటి మచ్చలుగా మంగు కమ్మింది. మందిరంలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి వచ్చినప్పుడు కూడా ముఖం మీది కొంగు తీసేది కాదు. నూనెను కాపాడేది మనిషి చర్మాన్ని కాపాడదా అన్న ఆలోచన ఆ కొంగును చూసే పుట్టింది.

మా ల్యాబు సారు సాయపడ్డారు. నీడన ఎండబెట్టిన, అదే గుణం ఉన్న మునగాకునూ బత్తాయి తొక్కలనూ స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, స్పిరిట్ అంతా ఆవిరైపోయాక మిగిలిన చిక్కటి సారాన్ని తవుడు నూనెలో, తేనెమైనంలో కలిపేవాళ్లం. దాని బలం కొలిచే పరికరాలు ఎక్కడివి, కోసిన వంకాయ ముక్కలకు పూసి చూసేవాళ్లం. పూయని ముక్క నల్లబడుతుంటే పూసింది తెల్లగానే ఉండేది. "వంకాయలకు బాగైంది, ఇగ మీ అక్క ఒక్కతే మిగిలింది" అని సారు నవ్వేవారు. నిజంగానే అక్కకు కూడా మెల్లగా మంగు పలచబడింది. ఒక ఆదివారం ఆమె కొంగు దించుకొని పాట పాడుతుంటే నేను పాడటం ఆపి ఆమె ముఖమే చూశాను.

చెడిపోకుండా కలిపే మందు అక్కకు మంట పుట్టించింది గనుక దాన్ని మానేశాం; నెలలోపు వాడేయాలని డబ్బాల మీద చీటీలు అంటించాం. అప్పుడే కోత పండుగ వచ్చింది. తొలి పంట దేవునిది కదా, పొలం లేనివాళ్లం గనుక ఆ మందు లేకుండా చేసిన మొదటి వాయి క్రీమునే మందిరంలో పెట్టాం. పాస్టరుగారు ప్రార్థన చేశాక, వేలంలో గుమ్మడికాయలతో, కోడిపుంజులతో పాటు ఆ డబ్బాలనూ సంఘంలోని ఆడవాళ్లు పోటీపడి పాడుకున్నారు. అక్క కూడా పాడుకుంది.

పాడుకున్నవాళ్లలో ఒక్కరూ దాన్ని వాడలేదు. బైబిలు పక్కన, ప్రార్థన నూనె సీసా పక్కన పెట్టి దాచుకున్నారు. ఎందుకని అడిగితే అక్క నన్నే మందలించింది: "దేవుని సన్నిధిల పెట్టినదాన్ని పౌడర్ లెక్క దినాం రుద్దుకుంటరానే? ఈస్టర్ నాడు పెట్టుకుంటం." దేవుడు ఏ రోజుకారోజు తినమని ఆకాశం నుంచి కురిపించిన మన్నాను రేపటికని దాచుకుంటే పురుగు పట్టిందని ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పిన నోళ్లే మావి.

గడువు దాటి నెలలైన ఆ క్రీమును ఈస్టర్ తెల్లవారుజామున అందరూ పూసుకొని వచ్చారు. ఆరాధన ముగిసేలోపే ముఖాలు దద్దుర్లతో వాచిపోయాయి. ఆకు విషమన్నారు. తర్వాత మా క్రీము ఎవరూ ముట్టలేదు, సారు ఆ పనే మానుకున్నారు. అక్క కోదాడలో ఎవరో చెప్పిన తెల్లని ట్యూబు తెచ్చుకుంది. నాలుగు రోజుల్లో దద్దుర్లు పోయి ముఖం తెల్లబడితే, "సూసినవా చెల్లె, నీ ఆకు చెయ్యలేంది గిది చేసింది" అని దెప్పింది. అందులో స్టెరాయిడ్ ఉందని తెలిసేసరికి, దాన్నే రోజూ పూసుకుంటూ ఏళ్లు గడిచిపోయాయి. చర్మం ఉల్లిపొర అయింది, వెలుతురు తగిలితే మంట. పోయినది తిరిగి రాదని పెద్ద దవాఖానలో చెప్పేశారు. ఇప్పుడు తలుపులు వేసిన గదిలోనే ఉంటుంది. మందిరానికి రాదు.

సూర్యాపేటలో చూసిన ఆ కొత్త డబ్బాను ఎందుకు కొన్నానో తెలియదు గాని, నడిగూడెం తీసుకుపోయాను. అక్క చీకట్లోనే దాన్ని తడిమి చూసి, "దీనికి గూడ ప్రార్థన చేయించినవా?" అని అడిగింది. లేదన్నాను. మూత తీయకుండా బైబిలు పక్కనే పెట్టింది.

ఆనాడు మేము వంకాయ ముక్కల మీద వెతికిన గుణం ఈనాడు ప్రతి దుకాణంలో అందమైన డబ్బాల్లో దొరుకుతోంది, అది ఎవరి ముఖం కోసం వెతికామో ఆ ముఖానికి మాత్రం ఇక ఏదీ పనికిరాదు. నాకు ఏ ఆకు మీదా ఆశ మిగల్లేదు. నా ప్రార్థన కూడా ఈమధ్య సగంలోనే ఆగిపోతోంది, అందుకే సాటి విశ్వాసులైన మిమ్మల్ని అడుగుతున్నాను. మా అక్క ఒక్క ఆదివారమైనా కొంగు దించుకొని వెలుతురులో నిలబడి పాట పాడాలని, నాతో కలిసి మీరూ మోకరించండి.