తుపాకీ కోసం తాతను తాకట్టు పెట్టిన వైనం

మనిషన్నాక తప్పులు చేస్తాడు. కానీ పోలీసావిడను ఇంటికి రప్పించి, సోఫాలో కూర్చోబెట్టి, చేతికి టీ కప్పు ఇచ్చి, మా వంశం మొత్తం ప్రమాదకరమైనదని నా నోటితో నేనే నమ్మించి పంపిన ఘనత మాత్రం నాది. ఇందులో రక్తపాతం లేదు. పోయింది పరువే. అది నా ఒక్కడిదే అయితే సర్దుకుపోయేవాణ్ని, కాలం చేసిన మా తాతది కూడా పోయింది.

అప్పట్లో నేను ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో ఒక ఆస్పత్రిలో డాక్టర్ని. పెళ్లయి ఏడాది కూడా కాలేదు. మా ఆవిడ లలితది అమలాపురం, నాది కడప జిల్లా. కడప అనగానే మీ పెదవుల మీదికి వచ్చిన ఆ నవ్వు నాకు ఇక్కడికే కనబడుతోంది. బాంబులు, సుమోలు అనే కదూ! మా తాతకు లైసెన్సున్న తుపాకీ ఒకటి ఉన్న మాట నిజమే. దాంతో ఆయన జీవితమంతా చేసింది మామిడితోటలో కోతులను బెదిరించడం. అంతకు మించిన ఫ్యాక్షన్ మా ఇంట్లో లేదు.

మా వీధి చివర సుధాకర్ అన్న ఉండేవాడు. వరంగల్ మనిషి, మా ఆస్పత్రిలోనే మత్తు డాక్టర్. ఒకరోజు వాళ్లింట్లో దొంగలు పడ్డారు. టీవీ ముట్టలేదు, లాప్‌టాప్ ముట్టలేదు, బంగారం మాత్రం తుడిచిపెట్టుకు పోయారు. మన ఇళ్లలో బంగారం ఉంటుందని ఇక్కడి దొంగలకు మన చుట్టాల కన్నా బాగా తెలుసు.

"మీ వదిన బియ్యం డబ్బాల దాచింది తమ్మీ. సీదా ఆడికే పోయిండ్రు. మనోళ్ల వంటింట్ల మీద పీహెచ్‌డీ చేసినట్టున్నరు!" అన్నాడు పాపం, ఏడవలేక నవ్వుతూ.

ఆ రోజు నుంచి లలితకు బెంగ పట్టుకుంది. వాళ్ల నాయనమ్మ పెళ్లికి పెట్టిన కాసులపేరు మా ఇంట్లోనే ఉంది, చీరల మడతల్లో. బ్యాంకు లాకరు దొరకలేదు. నాకేమో నెలలో సగం నైట్ డ్యూటీలే.

"ఏవండీ, మీరు నైట్స్‌కి వెళ్తే నాకు నిద్దరట్టట్లేదండీ. మెట్టు కిర్రుమన్నా వాళ్లే వచ్చారేమో అనిపిస్తంది," అంది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నన్ను నమ్మి దేశం కాని దేశం వచ్చిన పిల్ల కంటినిండా నిద్రపోలేకపోతే నేనేం మొగుణ్నని సిగ్గేసింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు. నేను వాళ్లు పడకముందే మొరగాలని నిశ్చయించుకున్నాను.

"ఏమ్మే, తుపాకీ కొంటాండా!"

"కుక్కని పెంచుకుంటే పోద్ది కదండీ?"

"కుక్కకు రోజూ తిండి పెట్టల్ల. తుపాకీకి ఏం పెట్టల్ల?"

"తూటాలు పెట్టాలి కదండీ," అంది అమాయకంగా. గోదావరి వాళ్లతో వాదించకూడదని అందుకే అంటారు.

ఊరి బయట ఒక పల్లెలో తుపాకుల దుకాణం ఉంది. యజమాని తెల్ల మీసాల పెద్దమనిషి. గోడ పొడవునా తుపాకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి.

"ఎలాంటి షూటింగ్‌కి కావాలి సర్?"

"దొంగ పారిపోయేలాంటిది. ధర తక్కువలో."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. అయినా మర్యాదస్థుడు, ఒకటి తీసి చేతికిచ్చాడు. దుకాణంలో వస్తువెలా ఎంచుకోవాలో నాకు మా అమ్మ నేర్పింది. బరువు చూశాను. టెంకాయను కొట్టి చూసినట్టు కర్ర మీద వేలితో కొట్టి చూశాను. ఒక గీత కనబడితే పెదవి విరిచాను.

"ఇక్కడ గీత పడింది. చివరి ధర చెప్పండి."

"అదే చివరి ధర సర్. మొదటిది కూడా అదే."

"ఇంకా పాతది లేదా? పేలకపోయినా పర్వాలేదు, పేలేట్టు కనబడితే చాలు."

ఆయన తుపాకీని నా చేతుల్లోంచి మెల్లగా, పసిబిడ్డను తీసుకున్నట్టు తీసుకున్నాడు. పోలీసుల సర్టిఫికెట్ లేనిదే అమ్మకం కుదరదన్నాడు. దానికన్నా ముందు గోడకు బిగించే ఇనప బీరువా కొనుక్కోవాలన్నాడు. పైగా ఒక సలహా కూడా ఇచ్చాడు.

"మట్టి పళ్లేలు గాల్లోకి ఎగరేసి కాల్చే క్లబ్బులున్నాయి. ఒకదాంట్లో చేరి, ఆట నేర్చుకుని, ఆ తర్వాత అడగండి."

"మట్టి పళ్లేలు నాకేం ద్రోహం చేశాయి? నాకు దొంగలతో పని," అన్నాను రోషంగా. ఆ పూటకు బీరువా ఒక్కటే కొనుక్కొచ్చి, మెట్ల కింద గోడకు బోల్టులతో బిగించి, సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టాను.

కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం పోలీసుల తరఫున ఆరా తీయడానికి ఒక పెద్దావిడ వచ్చింది. లలిత గారెలు వేసింది. ఆవిడ ఒకటి తిని, రెండోది తీసుకుంది. పని అయిపోయినట్టేననుకున్నాను.

"తుపాకీ ఎందుకు కావాలి డాక్టర్?"

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా వైపు ఈ ప్రశ్నకు ఒకటే జవాబు, ప్రాణభయం. భయం ఎంత పెద్దదైతే లైసెన్సుకు అంత బలం. లేని శత్రువులను పుట్టించైనా సరే చూపిస్తారు. నేనూ గొంతు సవరించుకున్నాను.

"మా ప్రాణాలకు ముప్పుందండీ."

ఆవిడ గారె కింద పెట్టి పెన్ను తీసింది. "ఇంతకుముందు మీ కుటుంబంలో తుపాకీ ఉందా?"

"మా తాతకు ఉండేది. ఆయనకు శత్రువులు ఎక్కువ. తుపాకీ ఎత్తాడంటే ఒక్కడూ నిలబడేవాడు కాదు!"

అబద్ధం కాదండీ, కోతులు నిజంగానే నిలబడేవి కావు. ఆ మాట కూడా చెప్పి ఉండాల్సింది.

"ఆ గొడవలు ఇంకా నడుస్తున్నాయా?"

"మా వంశంలో వెనకడుగు లేదు!"

బల్ల కింద లలిత నా కాలు తొక్కింది. ప్రేమ అనుకున్నాను. ఆవిడ లలిత వైపు తిరిగి, "మీవారి స్వభావం ఎలాంటిది?" అని అడిగింది. పడవ మునుగుతోందని లలితకు తెలిసిపోయింది. కాపాడదామని, కోపం ముక్కు మీద ఉంటుంది గాని మనసు వెన్న అని చెప్పబోయింది. కోపం వరకు ఇంగ్లీషులో స్పష్టంగా, గట్టిగా చెప్పింది. వెన్న దగ్గరకొచ్చేసరికి ఎలా చెప్పాలో తోచక ఆగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ క్షణాన తెలిసింది.

ఆవిడ బీరువా చూసి, చాలా చక్కగా బిగించారని మెచ్చుకుంది. "దీని తాళంచెవి ఎక్కడుందో ఒక్కరికే తెలియాలి. సర్టిఫికెట్ మీదైతే మీ భార్యకు కూడా తెలియకూడదు," అంది.

"మరి నేను డ్యూటీలో ఉండగా దొంగ వస్తే?"

"మాకు ఫోన్ చేయాలి. ఇంటి రక్షణకని ఈ దేశంలో తుపాకీ ఇవ్వం డాక్టర్."

"మట్టి పళ్లేలు పగలగొడతానంటే ఇస్తారు, పెళ్లాన్ని కాపాడుకుంటానంటే ఇవ్వరా!"

"అవును," అని ఆవిడ ప్రశాంతంగా మిగిలిన గారె ముగించింది.

అర్జీ తిరస్కరించారు. సుధాకర్ అన్నకు కథంతా చెబితే పడీపడీ నవ్వాడు. "తుపాకీ బీరువల, తాళం నీ జేబుల, నువ్వు దవఖానల! ఇంట్ల చెల్లె ఒక్కతే! దొంగలకు గూడ ఇంత మంచి ప్లాన్ రాదు తమ్మీ!"

నవ్వితే నవ్వాడు. నేను మాత్రం తగ్గలేదు. ఆలుబిడ్డలను కాపాడుకుంటాననడం తప్పెట్లా అవుతుందని అడిగినవాడినీ అడగనివాడినీ నిలదీశాను. ఇప్పటికీ నిలదీస్తాను.

కొన్నాళ్లకు నైట్ డ్యూటీ ముగించుకుని పొద్దున్నే వచ్చేసరికి లలిత గుర్రుపెట్టి నిద్రపోతోంది. నేను తలుపు తీసి లోపలికొచ్చినా కదల్లేదు. లేచాక అడిగాను.

"భయం పోయిందా మే?"

"కాసులపేరు ఆ బీరువాలో పెట్టేశానండీ. పట్టుకెళ్లాలంటే గోడతో సహా పట్టుకెళ్లాలి. ఇంకేటి భయం?"

నా కళ్లు చెమర్చాయి. తుపాకీ రాకపోతేనేం, నా ఇంటిదానికి నిద్ర తెచ్చిపెట్టాను కదా!

"శబాష్! తాళంచెవి ఎక్కడ పెట్టినావు?"

"చెప్పకూడదండీ. ఒక్కరికే తెలియాలని ఆవిడే చెప్పారు కదా," అంది. "పైగా మీకు కోపం ఎక్కువని పోలీసుల దగ్గర రాసుంది."

కాబట్టి ఆ బీరువా ముందు నిలబడి, కుడిచెయ్యి దాని తలుపు మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ తుపాకీ జోలికి పోను. పోలీసుల ఎదుట పూర్వీకులను పొగడను. నా గుణగణాల గురించి మా ఆవిడను సాక్షిగా పిలవను. చట్టమే తప్పని మాత్రం ఇప్పటికీ అంటాను. తాళంచెవి దొరికిన రోజున ఇంకా గట్టిగా అంటాను.