ఫ్రూమె నాయనమ్మ దీవెన

ఫ్రూమె నాయనమ్మ నోట్లో పళ్ళు నాలుగే మిగిలినా "గే" అన్న మాట మాత్రం గట్టిగానే ఉండేది. యూదుల భాష యిద్దిష్‌లో వెళ్ళమనడానికి ఆ మాటే. వంటింట్లో దూరిన పెద్దబాతుని అదిలించినా, మనవళ్ళని బడికి తరిమినా అదే. ఊరూరా కాలినడకన సూదులమ్మే తాత శ్మాయెని అందరూ "గేయర్", అంటే నడిచేవాడు, అనేవారు. ప్రతి ఆదివారం ఆయన మూట ఎత్తుకోగానే ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చి, "గే గెజూంట్, కూమ్ గెజూంట్" అనేది. క్షేమంగా వెళ్ళు, క్షేమంగా రా. ఒక్క ఆదివారం ఆవిడ బావి దగ్గరుండగా ఆయన వెళ్ళిపోయాడు. దారిలోనే గుండె ఆగింది. తన మాట తోడు లేకే అలా అయిందని ఆవిడ నమ్మింది.

యూదుల ఆచారంలో శోకం పాటించే ఏడు రోజులూ ఎవరినీ పలకరించకూడదు, దీవించి సాగనంపకూడదు. ఆ ఆచారం ప్రకారమే మెడ దగ్గర చించుకున్న గౌనుతో ఆవిడ పొట్టి పీట మీద కూర్చుంది. ఆ రోజుల్లోనే మనవడు జేలిక్ పటాలానికి బయల్దేరాల్సి వచ్చింది.

"వెళ్తున్నా నాయనమ్మా."

ఆవిడ పెదవులు కదిలి మూసుకున్నాయి.

"నోరు జాగ్రత్త ఫ్రూమె, శోకంలో ఉన్నావు," అంది పక్కింటి బ్రాయ్నె.

జేలిక్ వీధిలోకి దిగాడు. ఆవిడ మేజోళ్ళ కాళ్ళతోనే గుమ్మం దాకా వచ్చింది. అక్కడ బురద కెలుకుతున్న పెద్దబాతు మీదకి వంగి, వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది: "గే గెజూంట్! కూమ్ గెజూంట్!"

"బాతుకెందుకే దీవెన?" అంది బ్రాయ్నె.

"బాతుని దీవించకూడదని ఏ శాస్త్రంలో ఉందే?"

బాతు కదల్లేదు. మలుపులో జేలిక్ వెనక్కి తిరక్కుండానే టోపీ ఎత్తాడు.

అతను తిరిగొచ్చేదాకా, ఏ పండక్కీ ఆ బాతుని ఆవిడ కొయ్యనివ్వలేదు.